పందెం గెలిచాను, ఆటగాణ్ని మాత్రం తప్పు లెక్కేశాను

2022 మార్చిలో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి గురించి ఎక్సెల్ షీట్‌లో నేను రాసుకున్న ముక్క ఇది: "పర్డీ. ఏడో రౌండ్, లేదా అసలు ఎవరూ తీసుకోరు. తీసుకున్నా బ్యాకప్. రెండు మూడేళ్లు." ఆ షీట్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. మొదటి సగం ఎంత కచ్చితంగా నిజమైందంటే, దాని పుణ్యాన ఆఫీసు పందెంలో 40 డాలర్లు గెలిచాను. రెండో సగం గురించి మాత్రం తెలిసినవాళ్లు ఇప్పటికీ నన్ను వదిలిపెట్టరు.

బ్రాక్ పర్డీ అయోవా స్టేట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు తరఫున పాసులు విసిరేవాడు. నేను చదివిందీ అక్కడే. 2018 ఆగస్టులో స్టాటిస్టిక్స్‌లో ఎం.ఎస్. చేద్దామని ఒంగోలు నుంచి వచ్చి ఏమ్స్‌లో దిగాను. ఆ ఏడాది అతనూ ఫస్టియరే. నాకు అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట, అంతే. క్రికెట్ తప్ప ఇంకో ఆట ముఖం చూడని ఇంట్లో పెరిగినవాణ్ని.

మా అపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న వరంగల్ అన్న ఒకాయన ఉండేవాడు. నాకు ఆట నేర్పింది ఆయనే. అక్టోబర్ 6న అయోవా స్టేట్ వాళ్లు ఓక్లహోమా స్టేట్‌తో వాళ్ల ఊళ్లో ఆడుతున్నారు. మొదటి క్వార్టర్‌బ్యాక్‌కి గాయం, రెండో అతనితో పని జరగడం లేదు. మ్యాచ్ మొదలైన కాసేపటికే పద్దెనిమిదేళ్ల పర్డీని దింపారు. నేను కూర వండుతూ మధ్యమధ్యలో హాల్లోకి తొంగిచూస్తున్నాను. 318 గజాల పాసింగ్, నాలుగు టచ్‌డౌన్ పాసులు (టచ్‌డౌన్ అంటే బంతిని అవతలి చివరి గీత దాటించడం), తనే పరిగెత్తి ఇంకొకటి. 48-42తో గెలిచారు. అన్న సోఫా మీదికెక్కి గంతులేశాడు, బంగాళదుంప మాడిపోయింది.

ఆ తర్వాతి శనివారం నన్ను స్టేడియానికి లాక్కెళ్లాడు. జాక్ ట్రైస్ స్టేడియం. 1923లో మిన్నెసోటాతో మ్యాచ్‌లో దెబ్బలు తగిలి చనిపోయిన, ఈ యూనివర్సిటీ తొలి నల్లజాతి క్రీడాకారుడి పేరు దానికి పెట్టారు. ఆ రోజు దేశంలో ఆరో ర్యాంకులో ఉన్న వెస్ట్ వర్జీనియాని 30-14తో చిత్తుచేశారు. నేను అందరిలాగే బంతి ఎటు పోతే అటు తల తిప్పుతూ కూర్చున్నాను. అన్న మోచేత్తో పొడిచాడు.

"ఏందిరా, బాల్‌నే చూస్తున్నవ్? ఆ పిలగాని తలకాయ సూడు. ఎటు తిరుగుతుందో అది సూడు."

ఇది 2018లో చెప్పిన మాట. నాకు పూర్తిగా అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది కాబట్టి ముందే రాసిపెడుతున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. బంతి వెనక్కి అందిన క్షణం నుంచి క్వార్టర్‌బ్యాక్‌కి దొరికేది సుమారు రెండున్నర సెకన్లు. అవతలివైపు ఒక్కొక్కరూ నూట ముప్పై కిలోలుండే నలుగురైదుగురు అతణ్ని నేలకేసి కొట్టడానికి వస్తుంటారు. పాసులు అందుకునే తనవాళ్లు, రిసీవర్లు, నలుగురైదుగురు వేర్వేరు దారుల్లో పరుగెడుతుంటారు. ఎవరి దగ్గర ఖాళీ ఉందో కాదు, మరో అర సెకనుకి ఎవరి దగ్గర ఖాళీ ఏర్పడుతుందో చూసుకుని అక్కడికి బంతి వేయాలి. బ్యాట్స్‌మన్‌కి బంతి చేరడానికి అర సెకనే పట్టొచ్చు, కానీ అతను చూడాల్సింది ఒక్క బంతినే. ఇక్కడ ఇరవై ఒక్కమంది కదులుతుంటారు.

కాలేజీలో బాగా ఆడినవాణ్ని ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) జట్లు తీసుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. ఐపీఎల్ వేలంలా డబ్బు పాట ఉండదు. 32 జట్లు, ఏడు రౌండ్లు. కిందటేడు అధ్వాన్నంగా ఆడినవాళ్లకి ముందు అవకాశం. 2022లో మొత్తం 262 మందిని తీసుకున్నారు. మొదటి రౌండ్‌లో పోయిన క్వార్టర్‌బ్యాక్‌కి కోట్ల డాలర్లు, ఎదురుచూసే ఓపిక దొరుకుతాయి. ఏడో రౌండ్‌వాడికి ప్రాక్టీసులో మూడో వాడిగా నిలబడే చోటు దొరికితే గొప్ప.

2020లో చదువు అయిపోయి డిమాయిన్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాను. ఏమ్స్‌కి ముప్పావుగంట దారి. మా టీమ్‌లో అరవై దాటిన పెద్దాయన ఒకరున్నారు. చిన్నప్పటి నుంచి అయోవా స్టేట్ మ్యాచులు చూస్తున్న మనిషి. 2022 ఫిబ్రవరిలో, పర్డీ కాలేజీ చదువు అయ్యాక, ఆయనే పందెం పెట్టాడు. పర్డీ ఏ రౌండ్‌లో పోతాడు? తలా 10 డాలర్లు, నలుగురం. ఆయన నాలుగో రౌండ్ అన్నాడు. ఇంకొకతను ఐదు. మరో అమ్మాయి, ఎవరూ తీసుకోరంది. నాకు నెల రోజులు గడువు ఇమ్మన్నాను. ఉద్యోగం రిస్కు లెక్కలు కట్టడం. ఊరికే నోటికొచ్చింది చెప్తే నా చదువుకే అవమానమనిపించింది.

మొదట అంకెల దగ్గర కూర్చున్నాను, అది నాకు సులువు కాబట్టి. నాలుగేళ్లలో 12,170 గజాలు, 81 టచ్‌డౌన్ పాసులు, 33 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ల చేతికి చిక్కిన పాసులు), వేసిన పాసుల్లో 67.7 శాతం చేరాయి. ఒక జట్టుకి అన్నేళ్లు ఎడతెగకుండా ఆడడమే అరుదు. బిల్ పార్సెల్స్ అనే పాతతరం కోచ్ పేరు మీద కొన్ని నియమాలు చలామణీలో ఉన్నాయి: క్వార్టర్‌బ్యాక్ ఆఖరి ఏడాది విద్యార్థి అయ్యుండాలి, మూడేళ్లు మొదటి ఆటగాడిగా ఉండాలి, కనీసం 30 మ్యాచులు మొదలుపెట్టి ఉండాలి, 60 శాతం పాసులు చేరాలి, ఇంటర్‌సెప్షన్లకి రెండింతలు టచ్‌డౌన్లు ఉండాలి, అలాంటివి. నేను చూసుకున్నవన్నీ పర్డీ దాటేశాడు. డేవిడ్ లెవిన్ అనే విశ్లేషకుడు 2000ల్లో కట్టిన సూత్రం ఇంకా తేలిక. కాలేజీలో ఎన్ని మ్యాచులు మొదలుపెట్టాడు, ఎంత శాతం చేర్చాడు, ఈ రెండే ముఖ్యం. అందులో వేసినా పర్డీ పైకే వస్తాడు.

ఇక్కడే నేను తెలివి ఎక్కువైనవాడిలా ప్రవర్తించాను. లెవిన్ సూత్రం మొదటి రౌండ్లలో పోయినవాళ్లకే వర్తిస్తుంది. స్కౌట్లు, అంటే జట్ల కోసం ఆటగాళ్లని వెతికేవాళ్లు, ముందే జల్లెడ పట్టి, చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్లనీ పొట్టివాళ్లనీ తీసేశాక మిగిలినవాళ్లలో ఎవరు మేలు అని చెప్తుంది. చిన్న కాలేజీల్లో ఎన్నో మ్యాచులు ఆడి, బోలెడు శాతం చేర్చి, ఎన్‌ఎఫ్‌ఎల్ గడప తొక్కనివాళ్లు ఎంతమందో ఉన్నారు. కాబట్టి స్కౌట్లు మెచ్చనివాడి విషయంలో ఈ అంకెలు పనికిరావు అని రాసుకున్నాను. తర్కంగా అది తప్పేమీ కాదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ "స్కౌట్లకి నచ్చలేదు" అన్నది అప్పటి నుంచి నా షీట్‌లో సాక్ష్యంగా కూర్చుంది. ఎందుకు నచ్చలేదో విడిగా చూడాల్సింది, చూడలేదు.

తర్వాత వీడియోలు. ఆరు మ్యాచులు ఎంచుకున్నాను. 2018 ఓక్లహోమా స్టేట్, 2019 ఓక్లహోమా, 2020లో ఓక్లహోమాతో ఆడిన రెండూ, 2021లో అయోవా, 2021లో ఓక్లహోమా స్టేట్. మంచీ చెడూ కలిసేలా చూసుకున్నాను. ప్రతి పాస్‌కీ ఒక వరస. ఎంత దూరం, మైదానంలో ఎటువైపు, ఒత్తిడి ఉందా లేదా, నిలబడి వేశాడా పరిగెడుతూ వేశాడా, బంతి రిసీవర్‌కి అందే చోట పడిందా, చివరగా "ప్రమాదం" అని ఒక కాలమ్. డిఫెండర్ చేతికి దొరికేదై ఉండి తప్పిపోయిన బంతులు అందులోకి. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నం తిని కూర్చుంటే పన్నెండింటికి ఒక మ్యాచ్‌లో సగం అయ్యేది. మా ఆవిడ ఒకరోజు వెనక నిలబడి చూసి, "అదే ప్లేని ఎన్నిసార్లు చూస్తారండీ, వాడు ప్రతిసారీ అక్కడికే వేస్తాడు కదా" అంది.

స్కౌట్లకి ఇరవైరెండు మందీ ఒకేసారి కనిపించే పై కోణం వీడియో ఉంటుంది. మనకి దొరికేది టీవీ ప్రసారం. టీవీ కెమెరా క్వార్టర్‌బ్యాక్‌నీ లైన్‌మెన్‌నీ చూపిస్తుంది. దూరంగా పరిగెత్తే రిసీవర్లు స్క్రీన్ దాటిపోతారు. బంతి గాల్లోకి లేచాక కెమెరా దాని వెంట పోతుంది, అప్పుడు గాని అక్కడ ఎవరున్నారో తెలియదు. అంటే అతను ఏం చూసి వేశాడో నాకు కనపడదు, వేసిన తర్వాత ఏమైందో మాత్రమే కనపడుతుంది. ఒక మనిషి ఎలా ఆలోచిస్తాడో తెలుసుకోవాలనుకుని, ఆయన పంపిన ఉత్తరాల కవర్లు మాత్రం చదివినట్టు.

ఒక ప్లే ఇప్పటికీ కళ్ల ముందుంది, ఏ మ్యాచ్‌లోదో మాత్రం గుర్తులేదు. థర్డ్ డౌన్, అంటే మూడో ప్రయత్నం. పర్డీ బంతి అందుకుని ఎడమకి చూశాడు. భుజాలు కూడా ఎడమకే. మధ్యలో నిలబడ్డ డిఫెండర్ ఎడమకి రెండడుగులు వేశాడు. పర్డీ పాదాలు అప్పటికే మధ్యకి తిరిగిపోయాయి, తల ఇంకా తిరగలేదు. బంతి చెయ్యి దాటేసరికి రిసీవర్ వీపు ఇటే ఉంది. అతను వెనక్కి తిరిగేసరికి బంతి ఛాతీకి తగిలింది. టీవీలో వ్యాఖ్యాత రిసీవర్‌ని మెచ్చుకున్నాడు. నేను షీట్‌లో ఏం రాశానో చూడండి: "14 గజాలు, మధ్య, ఒత్తిడి లేదు, చేరింది, ప్రమాదం: ఉంది." రిసీవర్ చూడకముందే వేశాడు కాబట్టి ప్రమాదం అట! ఆ పాస్‌లో ఉన్న గొప్పతనమంతా అదే. దాన్ని నేను మైనస్‌గా గుర్తించాను. ఇలాంటివి షీట్‌లో ఇంకా చాలా ఉన్నాయి.

2019 నవంబర్ 9 మ్యాచ్ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఓక్లహోమా ఊళ్లో. అటువైపు క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్. విరామానికి 35-14తో వెనకబడ్డారు. చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి 42-21. అక్కణ్నుంచి పర్డీ లాక్కొచ్చాడు. ఆ మ్యాచ్‌లో ఐదు టచ్‌డౌన్ పాసులు వేశాడు, ఇంకొకటి తనే పరిగెత్తాడు. 24 సెకన్లుండగా 42-41. టచ్‌డౌన్ తర్వాత బంతిని తన్ని ఒక పాయింటు తెచ్చుకుని, సమం చేసి ఓవర్‌టైమ్‌కి పోవచ్చు. కోచ్ మ్యాట్ క్యాంబెల్, అక్కడే గెలిచేద్దామని, బంతిని మళ్లీ గీత దాటించే రెండు పాయింట్ల ప్రయత్నానికే పొమ్మన్నాడు. పర్డీ వేసిన బంతి ఓక్లహోమా డిఫెండర్ చేతుల్లో పడింది. అంతే, అయిపోయింది. నా షీట్‌లో ఆ పాస్‌కి ఎర్ర రంగు. దాని ముందు 20 పాయింట్లు తరిగించిన ఆటకి రంగేమీ లేదు, ఎందుకంటే "వెనకబడి ఉన్నప్పుడు భయపడలేదు" అన్న కాలమ్ నేను పెట్టుకోలేదు.

నా మనసుని అసలు వంచేసింది మాత్రం 2021 సెప్టెంబర్ 11. అయోవా యూనివర్సిటీతో మ్యాచ్. రాష్ట్రం మొత్తం రెండుగా చీలిపోయే రోజు అది. వాళ్లూ వీళ్లూ ఇద్దరూ దేశంలో మొదటి పదిలో ఉన్నారు. టికెట్టుకి పెట్టిన డబ్బు మా ఆవిడకి ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు. పర్డీ మూడు ఇంటర్‌సెప్షన్లు వేశాడు, మ్యాచ్ మధ్యలోనే తీసేసి కూర్చోబెట్టారు. 27-17తో ఓడారు. సైడ్‌లైన్‌లో హెల్మెట్ తీసి, టోపీ పెట్టుకుని, తన స్థానంలో ఆడుతున్న కుర్రాడికి ఏదో చెప్తూ నిలబడ్డాడు. నా ముందు వరసలో ఒకాయన, "నాలుగేళ్లు అయింది, ఇంతే ఇతను" అన్నాడు. ఆ మాట నేను ఇంటికి మోసుకొచ్చాను. ఆరు నెలల తర్వాత అదే నా రిపోర్టులో "ఎదుగుదల ఆగిపోయింది" అని గౌరవమైన భాషలో తేలింది. 2019లో 3,982 గజాలు, 27 టచ్‌డౌన్లు. 2021లో 3,188 గజాలు, 19 టచ్‌డౌన్లు. గ్రాఫు గీస్తే కిందికే పోతోంది కదా అనుకున్నాను. 2021లో 71.7 శాతం పాసులు చేర్చాడన్నది అదే పట్టికలో పక్క గడిలో ఉంది.

మార్చి మొదట్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్, అంటే డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లకి పెట్టే పరీక్ష, జరిగింది. పెళ్లిచూపులకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఎత్తు కొలుస్తారు, బరువు చూస్తారు, చెయ్యి చాపమని బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలుస్తారు. పర్డీ ఎత్తు ఆరడుగుల మీద ముప్పాతిక అంగుళం కూడా లేదు. 212 పౌండ్లు. అరచెయ్యి 9¼ అంగుళాలు, చెయ్యి పొడవు 29 అంగుళాలు. 40 గజాలకి 4.84 సెకన్లు. ఏ ఒక్కటీ ఘోరం కాదు, ఏ ఒక్కటీ కళ్లు చెదిరేది కాదు. ఆ ఏడాది గోలంతా కెన్నీ పికెట్ అనే మరో క్వార్టర్‌బ్యాక్ అరచెయ్యి మీద నడిచింది, 8½ అంగుళాలేనని. చలిలో తడి బంతి పట్టుకోగలడా అని వారం రోజులు పెద్దపెద్దవాళ్లు చర్చించారు. చివరికి మొదటి రౌండ్‌లో పోయిన ఒకే ఒక్క క్వార్టర్‌బ్యాక్ అతనే, 20వ స్థానంలో, పిట్స్‌బర్గ్‌కి.

ఆ రోజుల్లో క్వార్టర్‌బ్యాక్‌లలో నేను ఎవరిని మొదట పెట్టానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మాలిక్ విలిస్. చెయ్యి ఫిరంగి. అరవై గజాలు విసిరిన వీడియో చూసి నోరెళ్లబెట్టాను. రెండో చోట శామ్ హావెల్. పర్డీ పక్కన మాత్రం, "చెయ్యి సగటు. అవతలి అంచుకి వేసే బంతులు తేలిపోతున్నాయి" అని రాశాను.

ఆ తేలిపోయే బంతుల సంగతి ఆ తర్వాత ఎప్పుడో తట్టింది. మైదానం వెడల్పు 160 అడుగులు. ప్లే మొదలయ్యే బంతి ఎక్కడుంచాలో చెప్పే హ్యాష్ గీతలు కాలేజీలో 40 అడుగుల దూరంలో ఉంటాయి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతి ఒక హ్యాష్ మీద ఉన్నప్పుడు అవతలి అంచు కాలేజీలో 100 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 89 అడుగులకి కాస్త పైన. నేను ఏ పాసులకి మార్కులు కోశానో ఆ పాసులు పైస్థాయిలో అడ్డంగా పదకొండడుగులు తగ్గిపోతాయి. అక్కడ డిఫెండర్లు ఇంకా వేగంగా ఉంటారు, నిజమే. కానీ నేను ఆ లెక్క వేసి వదిలేయలేదు, అసలు వేయనే లేదు. స్టాటిస్టిక్స్ చదివినవాణ్ని, టేపు పట్టుకుని కొలిచే సంగతి మర్చిపోయాను.

మార్చి చివర పెద్దాయనకి నా రిపోర్టు చూపించాను. రెండు పేజీలు, రంగుల గ్రాఫులతో. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఓపికగా చదివాడు. చదివి, "బంతి ఏం చేసిందో బాగా రాశావు. అతను ఏం చేశాడో ఎక్కడ రాశావు?" అన్నాడు. పెద్దవాళ్లు అలాగే మాట్లాడతారులే అనుకుని నవ్వి ఊరుకున్నాను. ఏడో రౌండ్ అని చీటీ మీద రాసి, పది డాలర్లు డబ్బాలో వేశాను.

డ్రాఫ్ట్ ఏప్రిల్ 28 నుంచి 30 వరకు లాస్ వేగస్‌లో జరిగింది. మా అయోవా స్టేట్ కుర్రాళ్లలో బ్రీస్ హాల్ రెండో రోజు 36వ స్థానంలో న్యూయార్క్ జెట్స్‌కి పోయాడు. చార్లీ కోలర్ మూడో రోజు 128వ స్థానంలో బాల్టిమోర్‌కి. క్వార్టర్‌బ్యాక్‌లు ఒక్కొక్కరే పోతున్నారు. డెస్మండ్ రిడర్ 74, మాలిక్ విలిస్ 86, మ్యాట్ కొరాల్ 94, బెయిలీ జాపీ 137, శామ్ హావెల్ 144. నాలుగో రౌండ్ అయిపోయేసరికి పెద్దాయన నుంచి తల పట్టుకున్న బొమ్మ వచ్చింది. ఐదు కూడా అయిపోయింది. శనివారం సాయంత్రమైంది, ఏడో రౌండ్ నడుస్తోంది. 241లో ఒకరు, 247లో ఒకరు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. పర్డీ లేడు. ఎవరూ తీసుకోరన్న అమ్మాయే గెలిచిందనుకుని టీవీ కట్టేయబోయాను. ఆఖరి పేరు, 262, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్: బ్రాక్ పర్డీ.

చిట్టచివర తీసుకున్నవాణ్ని "మిస్టర్ ఇర్రెలెవెంట్" అంటారు. 1976 నుంచి ఉన్న వేళాకోళం. పిలిచి సన్మానం చేస్తారు, బంతి చేజార్చుకుంటున్న ఆటగాడి బొమ్మ ఒకటి చేతిలో పెడతారు. నేను ఇంట్లో చప్పట్లు కొట్టాను. అతని కోసం కాదు, 40 డాలర్ల కోసం. సోమవారం ఆఫీసులో డబ్బా నా బల్ల మీద పెట్టారు. దాంతో అందరికీ బిర్యానీ తెప్పిస్తే ఇంకో 30 డాలర్లు నాకే చేతి చమురు వదిలింది, అది వేరే సంగతి.

ఆ జట్టు ఏడాది కిందటే మూడు మొదటి రౌండ్ అవకాశాలు ధారపోసి ట్రే లాన్స్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని మూడో స్థానంలో తెచ్చుకుంది. పక్కన జిమ్మీ గరాపొలో ఉన్నాడు. పర్డీ మూడో వాడు. నా షీట్ మూసేశాను.

సెప్టెంబర్‌లో లాన్స్ చీలమండ విరిగింది. డిసెంబర్ 4న మయామితో మ్యాచ్‌లో గరాపొలో పాదం విరిగింది. మేము ఎవరిదో పిల్లాడి పుట్టినరోజు ఫంక్షన్‌లో ఉన్నాం. చేతిలో గారెల ప్లేటు. వరంగల్ అన్న ఫోన్ చేశాడు, అప్పటికి ఆయన కాలిఫోర్నియాలో ఉద్యోగం.

"అరే, టీవీ పెట్టు. మనోడు దిగిండు."

ఆ ఇంట్లో టీవీలో పిల్లల పాటలు నడుస్తున్నాయి. ఫోన్‌లో చూశాను. అంత చిన్న స్క్రీన్‌లో బంతి సరిగా కనపడదు. మొదటిసారి, నాకు తెలియకుండానే, అతని తలకాయ మాత్రమే చూస్తూ కూర్చున్నాను. ఎడమ, మధ్య, వెంటనే చెయ్యి దాటింది. మళ్లీ కుడి, కుడి, వెనక్కి వచ్చి మధ్య. మనుషులు మీదికి వస్తున్నా పాదాలు చిన్నచిన్నగా సర్దుకుంటున్నాయి, కళ్లు కిందికి దిగడం లేదు. ఏమ్స్‌లో చూసిన ఆ పద్దెనిమిదేళ్లవాడే. 33-17తో గెలిచారు. తర్వాతి ఆదివారం పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ జట్టుని 35-7తో ఓడించారు. ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచులన్నీ గెలిచి, ఫిలడెల్ఫియాలో కాన్ఫరెన్స్ ఫైనల్లో (సెమీఫైనల్ లాంటిది) అతని మోచేతి లిగమెంట్ తెగేదాకా ఓటమి లేదు.

డిసెంబర్ మధ్యలో పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "నా పది డాలర్లు నాకిచ్చేయ్."

"మీరు నాలుగో రౌండ్ అన్నారు, నేను ఏడు అన్నాను. గెలిచింది నేనే కదా."

"నువ్వు ముప్పై రెండు ఆఫీసులు ఏమనుకుంటాయో చెప్పావు. నేను కుర్రాడి గురించి చెప్పాను. మనం వేరువేరు పందేలు కాశాం."

ఇచ్చేశాను.

ఆ రాత్రి షీట్ మళ్లీ తెరిచాను. నెల రోజులు నేను చేసిందేమిటో అప్పుడు చూసుకుంటే నవ్వొచ్చింది. స్కౌట్లు వేటికి విలువిస్తారో అవే కాలమ్‌లుగా పెట్టుకున్నాను. వాళ్ల కళ్లతో చూశాను కాబట్టి వాళ్లేం చేస్తారో నాకు కచ్చితంగా తెలిసింది. పర్డీ ఏం చేస్తాడో చెప్పే సమాచారం చాలావరకు నా దగ్గరే ఉంది. కొన్నిచోట్ల "ప్రమాదం" కింద, కొన్నిచోట్ల పక్క గడిలో. అంతమంది ముందు మూడు తప్పులు చేసి, కూర్చోబెట్టేస్తే, తన చోటుకి వచ్చినవాడికి సాయపడిన మనిషి సైడ్‌లైన్‌లో నిలబడ్డం నేను నా రెండు కళ్లతో చూశాను. దానికి గడే లేదు.

ఇంకోవైపు, అన్న మాటల్లో చెప్పాలంటే నేను "ఒక్కసారి తప్పు లెక్కేసి, రెండోసారి ఇంకోవైపు తప్పు లెక్కేసే" ప్రమాదం కూడా ఉంది. పర్డీ పడ్డ చోటు మామూలుది కాదు. అక్కడి కోచ్ కైల్ షానహాన్ పద్ధతిలో చూపు, పాదాలు, సమయం, ఇవే ముఖ్యం. ఫిరంగి చెయ్యి అక్కర్లేదు. చుట్టూ మెకాఫ్రీ, డీబో శామ్యూల్, అయ్యూక్, జార్జ్ కిటిల్ లాంటి మేటి ఆటగాళ్లు. (కిటిల్ చదివింది అయోవాలో. మా శత్రువుల కుర్రాడు మావాడి బంతులు పడుతుంటే మా పెద్దాయన అయిష్టంగానే చప్పట్లు కొట్టేవాడు.) అదే 2022 బ్యాచ్‌లో నేను పైన పెట్టిన హావెల్ 2023లో వాషింగ్టన్‌కి ఏడాదంతా ఆడి 65 సార్లు నేలకూలాడు, లీగ్‌లోకెల్లా ఎక్కువగా 21 ఇంటర్‌సెప్షన్లు వేశాడు. విలిస్ మొదటి ఏడాది ఒక్క టచ్‌డౌన్ పాసూ వేయలేదు. పర్డీని వాళ్ల చోట్లలో పడేసి, వాళ్లని ఇక్కడికి తెచ్చి ఉంటే? దీని మీద నాకూ అన్నకీ గంటలు గంటలు వాదనలు జరిగాయి. 2023లో పర్డీ 4,280 గజాలు, 31 టచ్‌డౌన్లతో లీగ్‌లోనే అత్యధిక పాసర్ రేటింగ్ (పాసులకి ఇచ్చే మార్కు), 113.0, సాధించి జట్టుని లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి తీసుకెళ్లినప్పుడు అన్న ఫోన్ పెట్టలేదు. ఆ ఏడాది అతని జీతం 8,70,000 డాలర్లు. సూపర్ బౌల్‌లో ఓవర్‌టైమ్‌లో 25-22తో ఓడిపోయారు. 2024లో చుట్టూ ఉన్నవాళ్లకి గాయాలయ్యాయి, జట్టు 6 గెలుపులు, 11 ఓటములకి పడిపోయింది, పర్డీ 20 టచ్‌డౌన్లకి 12 ఇంటర్‌సెప్షన్లు వేశాడు. అప్పుడు ఫోన్ చేసింది నేను.

నా మట్టుకు నేను తేల్చుకున్నదేమిటంటే, చోటు సగం. మిగతా సగం మాత్రం నిజంగా అతనిదే, అది 2018లోనే కనిపించింది. 2025 మేలో ఆ జట్టు అతనికి ఐదేళ్లకి 265 మిలియన్ డాలర్ల వరకు వచ్చే ఒప్పందం ఇచ్చింది. వాళ్ల దగ్గర నాకంటే మంచి వీడియోలున్నాయి.

పర్డీ ఒక్కడు గెలిచాడని ఏడో రౌండ్ క్వార్టర్‌బ్యాక్‌లందరూ గెలుస్తారని కాదు. చాలామంది నేను రాసినట్టే రెండు మూడేళ్లలో ఇంటికి పోతారు. ఏ పేరూ చూడకుండా "ఏడో రౌండ్, బ్యాకప్" అని కళ్లు మూసుకుని రాస్తే చాలావరకు నిజమవుతుంది. నేను రాసింది కూడా అదే, కాకపోతే రెండు పేజీలు, రంగుల గ్రాఫులు.

ఇప్పటికీ ప్రతి మార్చిలో ఒక షీట్ చేస్తాను, పందెం కూడా ఉంది. మొదటి కాలమ్ పేరు "తల". బంతి అందినప్పటి నుంచి చెయ్యి దాటేదాకా ఎన్నిసార్లు, ఎటు తిరిగిందో రాస్తాను. కనపడకపోతే ఖాళీగా వదిలేస్తాను. రెండోది "పాదాలు". మూడోది, తప్పు జరిగాక వచ్చే మూడు ప్లేలు. రిసీవర్ తిరగకముందే వేసిన బంతులకి ప్లస్ గుర్తు. "ప్రమాదం" పేరు మార్చి "నిజంగా ప్రమాదం" అని పెట్టాను, అందులోకి ఇప్పుడు చాలా తక్కువ పడుతున్నాయి. ఎత్తునీ అరచేతినీ కుడివైపు చివరికి జరిపాను, స్క్రీన్ మీద కనపడాలంటే పక్కకి తోసుకుంటూ పోవాలి. తీసేయడానికి మాత్రం మనసొప్పలేదు.